ఒక్కరోజు ఫ్రిజ్ కోసం భిలాయ్ దాకా

మా చెల్లెలు పైడమ్మ ఫోన్లో ఏడుస్తుంటే ఎవరో పోయారనుకున్నాను. ఎవరూ పోలేదు. సర్వేవాళ్ళు మళ్ళీ వస్తున్నారట. సర్వేకి ఏడవడమేటే అని కోప్పడ్డాను. "నువ్వు రా అప్పా. వచ్చి నా పక్కన కూకో. ఫోన్లో చెప్పీది కాదు" అంది. అక్కనని నన్ను అప్పా అనే పిలుస్తుంది. నెలాఖరుకి దాని కొడుకు రమేష్ పెళ్ళి. పెళ్ళికి ఎలాగూ వెళ్ళాలి కదా అన్నాను. అప్పటికి పెళ్ళే ఉండకపోవచ్చు అంది. ఆ మాటకి సంచీ సర్దుకున్నాను.

రెండో రోజు పొద్దున్న పదిన్నరకి విజయనగరంలో బండెక్కాను. స్లీపర్ టిక్కెట్టు. ముసలివాళ్ళకి ఇదివరకు ఉండే రాయితీ ఇప్పుడు లేదు, వెళ్ళేవాళ్ళు ఆ ఆశ పెట్టుకోకండి. పులిహోర కట్టుకుని వెళ్ళాను, మంచి పని చేశాను. రాయగడలో కొన్న వడ నూనె పిండితే దీపం పెట్టుకోవచ్చు. ఎదురు సీట్లో ఒక రిటైరైన ప్లాంటు ఉద్యోగి. పార్వతీపురం దాటాక మాటల్లో పడ్డాడు. "నలభై ఏళ్ళు భిలాయ్‌లో ఉన్నానమ్మా. మా మనవలకి తెలుగులో తిట్టడం కూడా రాదు" అన్నాడు. తిడితే మీకైనా అర్థమవుతుందా అంటే నవ్వాడు. టిట్లాగఢ్ దగ్గర బండి చాలాసేపు నిలబడిపోయింది. దుర్గ్‌లో దిగేసరికి ఎనిమిది దాటింది.

రమేష్ మోటార్‌సైకిల్ తెచ్చాడు. బండెప్పుడు కొన్నావురా అంటే, "పక్కింటి భయ్యాది పెద్దమ్మా" అన్నాడు. అప్పుడు పట్టించుకోలేదు.

పైడమ్మ ఇల్లు పవర్ హౌస్ బజారుకి అవతల, క్యాంపు అనే బస్తీలో. ఒకే గది, పైన రేకులు, వెనక వంటకి గోడకి దింపిన చిన్న చాపు. అన్నం పెట్టి, తలుపు దగ్గరగా వేసి, అప్పుడు చెప్పింది. మూడు నెలల కిందట పెళ్ళికూతురి వాళ్ళు ఇల్లు చూడ్డానికి వచ్చారు. ఆ వీధిలో ఒక అలవాటుంది. ఎవరింటికి సంబంధం వాళ్ళొస్తున్నా, వీధి వీధంతా తలా ఒక వస్తువు తెచ్చి ఆ ఇంట్లో పెడతారు. సాయంత్రం మళ్ళీ పట్టుకుపోతారు. ఆ రోజు పైడమ్మ ఇంట్లోకి ఒకరి ఫ్రిజ్, ఒకరి టీవీ, ఒకరి కూలరు, ఇంకొకరి సోఫా వచ్చాయి. గుమ్మం ముందు పక్కింటి మోటార్‌సైకిల్. సరిగ్గా వియ్యాలవారు సోఫాలో కూర్చుని టీ తాగుతుండగా సర్వేవాళ్ళు గుమ్మంలోకి వచ్చారు.

"ఫ్రిజ్ ఉందా అనడిగారు అప్పా. ఎదురుగా ఆళ్ళు కూకున్నారు. లేదని ఎలా చెప్పీది?"

అన్నిటికీ ఉంది ఉంది అని చెప్పేసింది. ఆ వీధిలో ఇంకొన్ని ఇళ్ళకి కూడా వెళ్ళారట. వాళ్ళ సామానంతా ఇక్కడుంది. వియ్యాలవారి మగవాళ్ళు వీధిలో తిరుగుతున్నారు. ఉందంటే చూపించమంటారని, ఆ మాట వీళ్ళు వింటారని, ఆ ఇళ్ళవాళ్ళు లేదు లేదు అన్నారు. ఇప్పుడు సర్వేవాళ్ళు ఫోన్ చేసి, మళ్ళీ వచ్చి ఇంకోసారి అడుగుతామన్నారు. నిజం బయటపడి వియ్యాలవారి చెవిన పడితే పెళ్ళి ఆగిపోతుందని దాని భయం.

నాకు కొంచెం నవ్వొచ్చింది, కానీ దాని మొహం చూసి మింగేశాను.

మా పెద్దమ్మాయి కూతురు శిరీష ఆ ఊళ్ళోనే సెక్టర్ 4లో ఉంటుంది. సర్వేల్లో రాసుకొచ్చిన లెక్కలన్నీ సరిచేసే ఉద్యోగం. దానికి చెప్తే రెండోసారి రాకుండా ఆపుతుందని నా ఆలోచన. పొద్దున్నే పవర్ హౌస్ దగ్గర షేర్ ఆటో ఎక్కి, సుపేలాలో దిగి, ఇంకో ఆటో మారి వెళ్ళాను. తొమ్మిదికల్లా దాని క్వార్టర్‌లో ఇడ్లీ తింటున్నాను. దాని లాప్‌టాప్ తెరిచే ఉంది. ఏటే ఈ పని అని మెల్లిగా మొదలుపెట్టాను.

తెర మీద ఒక్కో వరస ఒక్కో ఇల్లు అంది. పేర్లు లేవు. పేర్లున్నవి దాని దాకా రానేరావట. ఊరంతటినీ అడగలేరు కాబట్టి కొన్ని ఇళ్ళే ఏరుతారు. ఏరిన ఇల్లు ఏరని ఇళ్ళ తరఫున కూడా మాట్లాడుతుంది. ఎన్ని ఇళ్ళ తరఫున మాట్లాడుతుందో అదే దాని బరువు.

"ఎన్ని ఇళ్ళే?" అన్నాను.

"కొన్నిటికి వందలు ఉంటాయి అమ్మమ్మా."

పైడమ్మ ఒక్కతీ చెప్పిన అబద్ధం, వందల ఇళ్ళలో కనపడని ఫ్రిజ్‌లు పెట్టేసిందన్నమాట. ఆ ఇళ్ళవాళ్ళకి తెలీదు కూడా, వాళ్ళింట్లో కూలరు తిరుగుతోందని.

ఉన్నవాళ్ళెవరో లేనివాళ్ళెవరో ఎలా తెలుస్తుంది, జీతం అడుగుతారా అన్నాను. జీతం అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరట. అందుకని ఇంట్లో ఏముందో అడుగుతారు. నేల ఏమిటి, నీళ్ళెక్కడివి, టీవీ ఉందా, బండి ఉందా. అన్నీ కలిపి ఇంటికో మార్కు కట్టి, అందరినీ వరసలో నిలబెట్టి ఐదు గుంపులు చేస్తారు.

"మనుషులు దాస్తారు గానీ సామాను అబద్ధం చెప్పదు కదా" అంది.

ఇడ్లీ పక్కన పెట్టి నీళ్ళు తాగాను.

తర్వాత పటం చూపించింది. చుక్కలు చుక్కలుగా ఉంది. ఒక చుక్క సరిగ్గా చెరువు మధ్యలో ఉంది. చెరువులో ఎవరు కాపురముంటున్నారే అని అడిగితే, కావాలనే జరిపాం అంది. ఎవరూ ఆ పటం పట్టుకుని జవాబు చెప్పినవాళ్ళ గుమ్మం దాకా వెళ్ళకూడదట. ఇన్నేళ్ళ బతుకులో ఎన్నో ఆఫీసుల తప్పులు చూశాను. తెలిసి తప్పు పెట్టడం, అదీ మనలాంటివాళ్ళ గుట్టు కాపాడ్డానికి పెట్టడం, అదే మొదటిసారి వినడం. ఇంకోసారి చెప్పమని చెప్పించుకున్నాను.

అప్పుడు దానంతట అదే అంది. ఒక వీధి లెక్క ఎంతకీ కుదరడం లేదట. ఒకే ఇంట్లో అన్నీ ఉన్నాయి, పక్కిళ్ళలో కుర్చీ కూడా లేదు. అందుకే మళ్ళీ అడగమని పంపారట.

"ఒసే, అది మీ చిన్నమ్మమ్మ..." అన్నానో లేదో, నా నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది.

"అరే, మత్ బోలో, చెప్పొద్దు అమ్మమ్మా. ఎవరి ఇల్లో నాకు తెలిస్తే ఆ లెక్క నేను ముట్టుకోకూడదు."

సగం చెప్పేశాను కదా. అది లాప్‌టాప్ మూసేసింది. ఆ వీధి పని ఆ రోజే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానంది. రెండోసారి రాకుండా ఆపమంటే ఆపనంది. బతిమాలినా వినలేదు. నేను పెంచిన పిల్ల నాకే కాదంటుందా అని ఒళ్ళు మండిపోయింది. గేటు దాకా వచ్చి మాత్రం ఒక మాట చెప్పింది. అడిగేటప్పుడు ఇంటివాళ్ళు ఒక్కరే ఉండాలి, పక్కన ఇంకెవరైనా ఉంటే బయటికి పంపమని చెప్పొచ్చు, మొదటిసారి అలా చెయ్యకపోవడం అడిగినవాళ్ళ తప్పు అని.

మర్నాడు పదకొండింటికి సర్వే అమ్మాయి టాబ్లెట్ పట్టుకుని వచ్చింది. మా ఖర్మకి అప్పుడే పెళ్ళికూతురి తల్లి నూకాలమ్మ కూడా వచ్చి కూర్చుంది, వంటవాళ్ళ సంగతి మాట్లాడ్డానికి. ఆవిడ సుపేలా బజార్లో ఎండుచేపలు అమ్ముతుంది, గట్టి మనిషి. ఈసారి గదిలో సోఫా లేదు, టీవీ లేదు. నులక మంచం ఒక్కటే ఉంది. పైడమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

నా హిందీ అంతంతమాత్రం. "సబ్ బాహర్" అన్నాను గట్టిగా, అందరూ బయటికి అని. ముందు నేనే లేచాను. సర్వే అమ్మాయి కూడా అదే మాట మర్యాదగా చెప్పింది. నూకాలమ్మ ఏమీ అనకుండా చీర దులుపుకుని నా వెనకే వచ్చింది. మాటలు వినపడకుండా వీధి కుళాయి దాకా నడిపించుకెళ్ళాను. అక్కడ ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఏం మాట్లాడాలో తోచక ఎండుచేపల ధర అడిగాను.

ఆవిడ ధర చెప్పలేదు. "మీ చెల్లెలు లోపల ఫ్రిజ్ లేదని చెప్తాంది కదా వదినా?" అంది.

నేను కుళాయి వైపు తిరిగి కొంగు సర్దుకున్నాను.

"ఆ రోజు మేం గంట ముందే వచ్చీసాం. వీధి మొగని టీ కొట్టు కాడ కూకుని అంతా చూసాం. సోఫా తిరగెయ్యలేక ఆళ్ళు పడ్డ పాట్లు కూడా."

మరెందుకు ఒప్పుకున్నావు అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

కుళాయి కింద కాళ్ళు కడుక్కుంటూ చెప్పింది. "మా ఆయన పోయినప్పుడు మొయ్యడానికి నలుగురు దొరకలేదు వదినా. ఈవిడకి ఫ్రిజ్ మొయ్యడానికి ఆరుగురొచ్చారు."

నేను కడుపులో దాచుకునే మనిషిని కాను. సర్వే అమ్మాయి వెళ్ళగానే, నూకాలమ్మ పక్కనుండగానే, వాళ్ళకి అంతా ముందే తెలుసని పైడమ్మకి చెప్పేశాను. మూడు నెలల నుంచి తిన్నది ఒంటపట్టలేదు దానికి. ముందు ఏడ్చింది, తర్వాత నూకాలమ్మని తిట్టింది, "తెలిసీ నాచేత అన్ని అబద్ధాలు ఆడించావేటే" అని. నూకాలమ్మ తిట్లన్నీ విని, వంటవాళ్ళ సంగతి తేల్చమంది.

పెళ్ళి దాకా ఉండి చేయించి వచ్చాను. పెళ్ళిలో కూలరు తిరిగింది. ఎవరిదో నేనడగలేదు.

ఇది చదివి భిలాయ్ వెళ్ళేవాళ్ళు ఆ వీధి కోసం వెతక్కండి. ఇందులో పేర్లు మార్చాను, ఇల్లు కూడా కొంచెం జరిపాను. శిరీష దగ్గర నేర్చుకున్నదే.

తిరుగు బండిలో కిటికీ దగ్గర సీటు దొరికింది. రాయపూర్ దాటాక, రైలు పట్టాల పక్కన ఇళ్ళు కనిపిస్తుంటే, ఈ ఇంటి తరఫున ఎవరు మాట్లాడారో, ఏం చెప్పారో అనిపించేది. ఆ ఆలోచన ఇప్పటికీ పోలేదు. పక్కన కూర్చున్న బరంపురం ఆవిడ పలకరించింది. ఎక్కడినుంచి, ఎవరింటికెళ్ళారు, చెల్లెలా, బాగా ఉన్నవాళ్ళేనా అని అడిగింది.

ఇదివరకైతే ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆలోచించాల్సి వచ్చింది.

"ఫ్రిజ్ లేదమ్మా" అన్నాను. "అడిగితే తెచ్చేవాళ్ళున్నారు."