ఏ చేతి మూర?

తొంభైల చివర్లో ఒడిశాలోని రాయగడలో మాకు బట్టల దుకాణం ఉండేది. కొల్నార వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్లకు మా ఇనుప మీటరు కడ్డీ మీద బొత్తిగా నమ్మకం లేదు. అందుకని ప్రతి గుడ్డకీ రెండు కొలతలు: ముందు కడ్డీతో మేము, తర్వాత మోచేత్తో వాళ్లు. మోచేతి కొస నుంచి నడిమివేలి చివరిదాకా ఒక మూర. ఒడియాలో దాన్నే హాత అంటారు. కొందరైతే ఊళ్లో అందరికన్నా పొడుగు చేతులున్న మనిషిని వెంటబెట్టుకు వచ్చేవారు. నాన్న ఆయనకూ టీ ఇప్పించేవారు, ఎదుటి పార్టీ లాయరుకి ఇప్పించినట్టు.

అక్క కొలిస్తే మాత్రం ఎవరూ మళ్లీ కొలిచేవారు కాదు. దానికి కారణం ఒక కొల్నార ముసలమ్మ. మొదటిసారి వచ్చినప్పుడు అక్క ముంజేతికి తన ముంజేయి ఆనించి, మోచేతికి మోచేయి చేర్చి చూసుకుంది. అక్కది తనకన్నా వేలెడు తక్కువని తేల్చింది. ఆ లెక్క మనసులో పెట్టుకుని ఇక ఎప్పుడూ తగువు పెట్టలేదు. ఆమెను చూసి మిగతావాళ్లూ. అలా కడ్డీకి దక్కని గౌరవం అక్క మోచేతికి దక్కింది.

ఆ మోచెయ్యే విరిగింది. కుడిది. స్టేషను రోడ్డులో వానకి సైకిలు జారింది. అల్నా అనే ఎముక చిట్లిందని డాక్టరు చెప్పేరు. పిండికట్టు వేసిన రోజే అమ్మ మొక్కేసింది: ఆ చెయ్యి బాగైతే, ఆ చేత్తోనే కొలిచి, అమ్మవారికి పదహారు మూరల ఎర్రగుడ్డ.

కట్టు విప్పేక చెయ్యి చాలామట్టుకు సాగింది. చివర్లో ఒక పిసరు మాత్రం, సిగ్నలు దొరకని బండిలా ఆగిపోయేది. మరి ఇది బాగైనట్టా, కానట్టా? అమ్మకు తేలలేదు. దానికి తోడు గుడిలో ఎవరో మూర అంటే చిటికెనవేలి దాకానే అన్నారు. నిజం కనుక్కోమని నన్ను కాలేజీ లైబ్రరీకి తోలింది.

రెండు రోజులు నిఘంటువులు తిరగేశాను. సంస్కృతంలో అరత్ని అంటే మోచెయ్యి, అక్కణ్నుంచి చిటికెనవేలి దాకా ఉండే కొలతా కూడానట. పిడికిలి మూస్తే రత్ని. ఒడియా కొహుణి, హిందీ కొహనీ, రెండూ కఫోణి అనే పాత మాట పిల్లలు. ఇంగ్లీషు ఎల్బోలో ‘ఎల్’ ఒకప్పుడు గుడ్డ కొలత, ‘బో’ వంపు. డాక్టరు చెప్పిన అల్నా లాటినులో మోచెయ్యేనట, ఆ ఎల్‌కి చుట్టమట. అంటే ఎక్కడి మనుషులైనా మోచెయ్యి కనబడగానే గుడ్డ కొలవడానికే బయల్దేరారన్నమాట. మన మోచేతిలో ‘మో’ ఏమిటో నాకు అంతుపట్టలేదు. మోకాల్లోనూ ఉంది కనక, వంగేచోటల్లా ‘మో’ అని సొంతంగా తీర్మానించుకున్నాను.

ఇదంతా అమ్మకు అప్పజెప్పేను. ఓపిగ్గా వింది.

“బాగానే సదివేవు గానీ, ఇంతకీ ఏ ఏలు దాకానే అమ్మీ?”

“నడిమేలు దాకా కొలిస్తే సిటికినేలు కూడా అందులోనే ఉంటదమ్మా.”

ఇది నచ్చింది. మర్నాడు పొద్దున్న, దుకాణం తీయకముందే, అక్క గుడ్డ అందుకుంది. అమ్మ పైకి లెక్కపెట్టింది. పదహారు అయ్యేసరికి ఆవిడ కళ్లనిండా నీళ్లు. సరిగ్గా అప్పుడే నా నోరు ఊరుకోలేదు.

“కొలిసింది ఎడం సెయ్యి కదా? కుడిది వట్టినే లాగింది.”

నిజమే. అలవాటు కొద్దీ అక్క గుడ్డని ఎడమ ముంజేతి మీద పరిచి కుడిచేత్తో లాగింది. దుకాణంలో ఎన్నేళ్లుగానో అంతే. మరి కొలిచేది పరుచుకున్న చెయ్యా, లాగిన చెయ్యా? ఈ సంగతి ఏ నిఘంటువులోనూ లేదు.

అక్క చేతులు మార్చి మళ్లీ కొలిచింది. ఈసారి పదహారో మూర మొదటి కొలతకి నాలుగు వేళ్లు ఇవతలే ఆగింది.

“సెయ్యి పొట్టయిపోనాదేటి?” అంది అమ్మ.

“ఎడంసేత్తో లాగడం అలవాటు లేదు, బిగించి లాగీసుంటది,” అన్నారు నాన్న. “బిగిస్తే గుడ్డ తగ్గిపోద్ది.”

“ఇంక నన్నెవులూ నమ్మరు,” అంది అక్క, గుడ్డ మడుస్తూ.

అమ్మ రెండు కొలతల్లో పెద్దదాని దగ్గర కత్తిరించి అమ్మవారికి ఇచ్చేసింది.

ఆ వారం సంతరోజున కొల్నార ముసలమ్మ వచ్చింది. అక్క ఆరు మూరలు కొలిచి ఇచ్చింది. ముసలమ్మ గుడ్డ పక్కన పెట్టి, అక్క కుడి ముంజేతిని లాక్కుని తన దానికి ఆనించింది. మోచేతికి మోచేయి.

“ఆగొరు బి ఎతికి థిలా,” అంది ముసలమ్మ. ముందూ ఇంతేనట. వేలెడు తక్కువ.

గుడ్డ కొలవకుండానే బుట్టలో వేసుకుని వెళ్లిపోయింది. అక్క చాలా రోజుల తర్వాత నవ్వింది.

మొదటిసారి ముసలమ్మ ఆనించి చూసుకున్నది అక్క ఏ చేతికో మరి. ఎడమదని నాకు గుర్తు, కుడిదేమో అని అనుమానం. అడుగుదామని నోరు తెరిచాను. అక్క అప్పటికే ఇంకొకామెకు గుడ్డ పరుస్తోంది. మూసేసుకున్నాను.