కారు మోత తగ్గించిన మేస్త్రీ

నందిగామలో కార్లు బాగుచేసే మేస్త్రీ మొన్న శుక్రవారం పొద్దున పోయాడు. జగ్గయ్యపేట టాక్సీ స్టాండులో ఉండగా నాకు కబురందింది. నన్ను జన్మలో ఇద్దరే కొట్టారు, మా నాన్న, ఈయన. ఇప్పుడు ఇద్దరూ లేరు.

పదేళ్ళ కిందట, మిలిటరీ వాళ్ళు వదిలేసిన కారొకటి నేను కొనుక్కొస్తే, దానికి లారీ ఇంజను బిగించింది ఆయనే. సైలెన్సర్ జోలికి మాత్రం పోవద్దన్నాడు. నేను వింటానా? మా రోడ్డు మీద టాక్సీవాళ్ళందరం దాన్ని కోసేసేవాళ్ళం. మోత మైలు దూరం నుంచి వినపడితే జనం వాళ్ళే వచ్చి రోడ్డు మీద నిలబడేవాళ్ళు, మేం కేకలు వెయ్యాల్సిన పని లేదు. నేనూ కోయించాను. వేగం ముప్ఫై మైళ్ళు దాటితే కారు లోపల ఒకటే హోరు. ఎక్కినవాళ్ళు తల పట్టుకుని దిగేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం నందిగామ శివార్లలో వీరులపాడు వాళ్ళ మిరపకాయల బండి ఎదురొచ్చింది. నా మోతకి ఎద్దులు బెదిరి గోతిలో పడ్డాయి. ఒకదాని కాలు విరిగింది. అద్దంలో చూశాను, ఆగలేదు. తిన్నగా మేస్త్రీ షెడ్డుకి పారిపోయాను. సిగ్గుమాలిన పని.

వెనకే బండివాళ్ళు పదిమంది కర్రలతో వచ్చిపడ్డారు. కారు అద్దాలు పగలగొట్టారు. నన్ను జుట్టు పట్టి బయటికి ఈడ్చారు. నా నెత్తి మీదికి లేచిన దుడ్డుకర్రకి మేస్త్రీ అడ్డం వచ్చాడు. దెబ్బ ఆయన ఎడమ చెవి మీద పడింది. చొక్కా అంతా నెత్తురు. ఆయన మాత్రం పడలేదు.

"ఇంజను బిగించింది నేనండి. వీణ్ణి చంపితే ఎద్దు లేచుద్దా? వీళ్ళింటి ఎద్దుని తెచ్చిస్తాడు, పూచీ నాది," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక, చెవి అదిమిపట్టిన ఆ నెత్తుటి చేత్తోనే నా చెంపలు వాయించాడు. పెదవి చిట్లిపోయింది. మర్నాడు మా ఎద్దుని నేనే తోలుకెళ్ళి ఇచ్చొచ్చాను.

ఆ చెవి మళ్ళీ పనిచెయ్యలేదు. పోనుపోను కుడిదీ మందగించింది. అయినా నా కారు మోత తగ్గించే పని ఆయనే పెట్టుకున్నాడు. స్క్రూడ్రైవర్ మొన పొగగొట్టానికి ఆనించి, చెక్క పిడిని పళ్ళతో కరిచి పట్టుకునేవాడు. అదురు ఎక్కడ పుడుతోందో దవడకి తెలిసేది. గొట్టం కారు అడుగు చట్రానికి తగిలేచోటల్లా పాత టైరు ముక్కలు పెట్టాడు. చిల్లుల గొట్టానికి ఇనప తురుము చుట్టి, రేకు డబ్బాలో దూర్చి కొత్త సైలెన్సర్ చేశాడు. నచ్చకపోతే తను చేసినదాన్నే సమ్మెటతో చితక్కొట్టేవాడు. నాలుగోసారికి కుదిరింది. షెడ్డులో ఎవడైనా ఊరికే ఇంజను రేజ్ చేసి మోత పెడితే వాడి మీదికి స్పానర్ విసిరేవాడు. చెవి సంగతి మాత్రం నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు. నేనెప్పుడూ ఆయన కుడిపక్కనే కూర్చునేవాణ్ణి.

శుక్రవారం ఆ కారులోనే వెళ్ళాను. వాకిట్లో కూర్చున్నవాళ్ళ వెనకాలే ఆపాను. ఒక్కరూ తల తిప్పలేదు. ఆయన భార్య నన్ను చూసి, "ఎప్పుడొచ్చావయ్యా? బండి చప్పుడే వినపళ్ళేదే," అంది. అక్కడే కూలబడి ఏడ్చాను.

షెడ్డులో ఆ స్క్రూడ్రైవర్ మేకుకి వేలాడుతోంది. చెక్క పిడి మీద పళ్ళ గాట్లు, పైన నాలుగు, కింద నాలుగు.