అమ్మమ్మ కాల్చిన బొగ్గు

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే కాఫీ కలిపే వంకతో లేచిపోయే మనిషిని నేను. రసాయనశాస్త్రం చదివాను, బతుకంతా అదే పాఠం చెప్పాను. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందనే ఇప్పటికీ నా నమ్మకం. ఈ ఒక్కదాని కారణం మాత్రం నాకు దొరకలేదు.

అరవయ్యో దశకం చివర విజయనగరంలో పరిశోధన చేసేదాన్ని. కొబ్బరి చిప్పల బొగ్గు మీద నా పని. బొగ్గు నిండా కంటికి ఆనని బెజ్జాలుంటాయి. వాయువులు వాటిలోకి దూరి అంటుకుపోతాయి. ఏ పీడనం దగ్గర ఎంత అమ్మోనియా పట్టుకుంటుందో కొలిచి, గ్రాఫు కాగితం మీద గీత గియ్యాలి. మొదటి నుంచి చివరి దాకా ఒకే గోతిలో, ఒకేసారి కాలిన బొగ్గు వాడాలి. బొగ్గు మారితే గీత మారుతుంది, పడ్డ కష్టమంతా వృథా.

ఆ బొగ్గు కాల్చి ఇచ్చింది నౌపడ దగ్గర పల్లెలో ఉండే మా అమ్మమ్మ. నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని అడ్డచుట్ట తాగుతూనే గొయ్యి తవ్వించి, చిప్పలు పేర్చి, మట్టి కప్పించింది. దేనికో చెబితే నవ్వింది.

"బొగ్గుకి వాసన సూపిస్తే నీకు ఉద్దోగం ఇస్తారేటే?"

ఒక గోనె నేను తెచ్చుకున్నాను. రెండోది అక్కడే ఉంచాను.

ఆ వానాకాలంలో అమ్మమ్మ పోయింది. మా వైపు ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. వాకిట్లోనే కూర్చుని ఏడ్చాను. కొన్నాళ్లకు నా దగ్గరి బొగ్గు అయిపోయింది. మావయ్యకు కబురు పెడితే గోనె బస్సు మీద వేసి పంపాడు. అది లేకపోతే నా డాక్టరేటు అక్కడితో సరి. మళ్లీ కాల్చడానికి అమ్మమ్మ లేదు.

కొలిచేముందు బొగ్గును గాజు బల్బులో వేడి చేసి, లోపల పట్టుకున్నదంతా పంపుతో లాగేయాలి. కొత్త గోనెలోని బొగ్గుకి పట్టపగలు ఆ పని చేస్తుండగా గదంతా చుట్ట వాసన కమ్మింది. నా భ్రమేమో అనుకునేలోపే అటెండరు తొంగిచూశాడు.

"ఎవులమ్మా ఇక్కడ సుట్ట కాల్సినారు?"

నేను బెదరలేదు. అమ్మమ్మ వదిలిన పొగను బొగ్గు పట్టుకుంది, వేడికి వదిలింది, అంతే కదా అనుకున్నాను. కళ్లు తడిసిన మాట మాత్రం నిజం. ఆ తర్వాత తీసిన కొలతలన్నీ పాత గీత మీదే బుద్ధిగా కూర్చున్నాయి. మా గైడుగారు ఇంత నిలకడైన బొగ్గు చూడలేదన్నారు.

డాక్టరేటు వచ్చాక ఊరెళ్లి, మావయ్యకు ఆ వాసన సంగతి మురిపెంగా చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"అది మీ అమ్మమ్మ బొగ్గు కాదే. ఆ రోజు వానకి కట్టెలు తడిసిపోనాయి. ఎంతకీ అంటుకోనేదు. పెరట్లో ఉన్న నీ గోనె తెచ్చి కాష్టం మీద పోసీసినాం. నీకు సెప్పడానికి నోరు రానేదు. నువ్వు అడిగినావని నౌపడలో సిప్పల బొగ్గే కొని పంపీసినాను."

బజారు బొగ్గు కాల్చినవాళ్లూ చుట్ట తాగి ఉండొచ్చు. మా జిల్లాలో తాగనిదెవరు? వాసనను అలా కొట్టిపారేస్తాను. గీతను కొట్టిపారేయలేను. తర్వాత నౌపడ బొగ్గు ఎన్నిసార్లో తెప్పించి కొలిచాను. ఒక్కటీ ఆ గీత దరిదాపులకు రాలేదు.

నా థీసిస్‌లో సగం కొలతలు, అప్పటికే అమ్మమ్మతో పాటు కాలిపోయిన బొగ్గువి. అదెలా కుదిరిందో నాకు తెలియదు.