వీపుకు పెట్టిన హోల్

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఎండాకాలం, మఠంపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీకి నన్ను వెల్డింగ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. కంప్రెసర్ గాలి పోయే పెద్ద పైపుకు కొత్త బ్రాంచి పెట్టాలి. బ్రాంచి కోసం పైపును కోస్తే అక్కడ బలం తగ్గుతుంది. ఆ లోటు తీరడానికి అతుకు చుట్టూ ఒక ఇనుప పట్టీ వేసి వెల్డింగ్ చేస్తాం, దాన్ని ప్యాడ్ అంటాం. ప్యాడ్‌కు చిన్న రంధ్రం ఉండి తీరాలి. వెల్డింగ్ వేడికి లోపల చిక్కిన గాలి అందులోంచే పోవాలి, తర్వాత లీకు పరీక్షకూ అదే దారి. దాని పేరు వీప్ హోల్.

ఆ రోజు నేను మిర్యాలగూడలో ఉండి, వెల్డర్ లింగయ్యకు ఫోన్‌లో ఒకే మాట చెప్పాను: వీప్ హోల్ మరిచిపోకు. లింగయ్యది నడిగూడెం. ఏళ్ల తరబడి గేట్లు, గ్రిల్సు వెల్డింగ్ చేసి, పరీక్ష పాసై పైపుల పనికి వచ్చిన మొదటి నెల అది.

మర్నాడు వెళ్లి చూస్తే ప్యాడ్ ముచ్చటగా ఉంది, రంధ్రం మాత్రం లేదు. సైట్ ఇన్‌చార్జిది కోదాడ. అప్పటికే మండిపడుతున్నాడు.

"ప్యాడ్ కోసేద్దాం సార్. ఈయన్ని మళ్లీ గేట్ల పనికే పంపిద్దాం."

లింగయ్య నెమ్మదిగా పైపు వెనక, గోడవైపు చూపించాడు. "బొక్క పెట్టిన గద సార్. మీరే చెప్తిరి, వీపు హోల్ అని. ప్యాడ్‌కే, పైపు వీపు దిక్కు పెట్టిన."

ఇక నా వల్ల కాలేదు. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఇన్‌చార్జి కూడా కోపం మరిచి కింద కూలబడ్డాడు. లింగయ్య ఒక్కడే నవ్వలేదు.

"నన్ను పంపిస్తరా సార్?" అన్నాడు. నాకు సిగ్గేసింది.

ముందు పరీక్ష చేద్దామన్నాను. పైపుకూ గోడకూ మధ్య జానెడు సందు. నా పొట్టకు అందులో ప్రవేశం లేదు. లింగయ్యే చెయ్యి దూర్చి రంధ్రానికి గొట్టం బిగించి, తక్కువ ఒత్తిడితో గాలి ఎక్కించాడు. వెల్డింగ్ మీద సబ్బునీళ్లు పూసి, అతను గడ్డం గీసుకునే అద్దం సందులో పెట్టి చూశాను. రంధ్రానికి బెత్తెడు దూరంలో ఒక బుడగ ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది. రంధ్రం ముందువైపే ఉంటే నేను వెనక్కి అద్దం పెట్టేవాణ్ణి కాదు. ఆ సందులో ఎంతటి వెల్డర్‌కైనా రాడ్డు సరిగ్గా తిరగదు.

గాలి వదిలేసి, లీకు ఉన్నచోట గీకి, లింగయ్య అద్దంలో చూస్తూ మళ్లీ వెల్డింగ్ చేశాడు. రెండోసారి బుడగ రాలేదు. ముగ్గురం పెళ్లివారిలా నవ్వుకున్నాం.

రిపోర్టులో రంధ్రం వెనకవైపు ఉండటానికి కారణం రాయాలి. "ఇన్‌స్పెక్టర్ చెప్పినట్టే పెట్టారు" అని రాసి సంతకం చేశాను. లింగయ్య పైపుల పనిలోనే ఉన్నాడు. ఆ తర్వాత ఏ వెల్డర్‌కూ రంధ్రం పేరు చెప్పలేదు. అది దేనికో చెప్పి, ప్యాడ్ మీద సుద్దతో గుర్తు పెట్టాను.