నలభై దాటని స్పోర్ట్స్ కారు

ఈ ఉదయం ఏడు నలభై రెండుకు, నార్సింగి సర్వీసు రోడ్డు మీద, నాకు పన్నెండు మీటర్ల ముందు ఒక జీపు చిన్న ట్రైలరును లాక్కుపోతోంది. సామానంతా వెనక అంచుకు పేర్చారు. వేగం అరవైకి చేరగానే ట్రైలరు కుడికీ ఎడమకూ ఊగింది. కొక్కెం దగ్గర ఇనుము ఇనుమును కొట్టుకున్న చప్పుడు అద్దాలు మూసి ఉన్నా వినిపించింది. ఆ చప్పుడుకు నాకు గుర్తొచ్చే మనిషి ఒక్కరే, స్వరూప మేడం. ఆమె పోయి నాలుగేళ్ళు.

మాదాపూర్‌లో పదకొండు మంది పనిచేసే బ్యాటరీ బ్యాకప్ సంస్థకు ఆమె యజమాని. సొంత ఊరు జనగామ. రెండే సీట్లున్న ఎర్రటి స్పోర్ట్స్ కారు నడిపేవారు. దాని వెనక కొక్కెం బిగించి, ఆదివారాలు తన గో-కార్టును ట్రైలరు మీద ట్రాక్‌కు తీసుకెళ్ళేవారు. ట్రైలరు తగిలించాక స్పీడోమీటరు ముల్లును నలభై దాటనిచ్చేవారు కాదు. ఆటోవాళ్ళు దాటిపోతూ నవ్వేవారు. "నవ్వనియ్. బ్రేకేస్తే ఎనకది మనల్ని నూకొద్దు, గంతే" అనేవారు. ఆమెకొక నియమం ఉండేది: బరువు కట్టినవాళ్ళే పక్క సీట్లో కూర్చోవాలి. తప్పు కడితే అది ముందుగా వాళ్ళకే తెలియాలి.

ఆ పదకొండు మందిలో నేనొకణ్ణి. నాది ప్రొద్దుటూరు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న ఆ రోజుల్లో, నా యాస పట్టిస్తుందని, ఆఫీసు బయట నోరు విప్పడం దాదాపు మానేశాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనే అవకాశం ఇవ్వకూడదని నేనే నిర్ణయించుకున్నాను. అది మేడం కంట పడింది.

"ఏంది సుధాకర్, టీ కొట్టు కాడ వేళ్ళు చూపిస్తున్నవ్? నోట్లె ముత్యాలు దాచుకున్నవా?"

"రోజులు బాలేవు గదా మేడం."

"మేం రాష్ట్రం అడుగుతున్నం. నీ నాలుక అడుగుతలేం."

ఆమె ఉద్యమం పక్షం. బంద్ పిలుపు వచ్చిన ప్రతిసారీ ఆఫీసుకు తానే తాళం వేసేవారు. అటువంటి ఒక బంద్ ఉదయం మియాపూర్‌లోని డయాలిసిస్ కేంద్రం నుంచి ఫోను వచ్చింది. వాళ్ళ బ్యాటరీలు చెడిపోయాయి. మధ్యలో కరెంటు పోతే గొట్టాల్లోనే రక్తం గడ్డకడుతుంది కనుక, బ్యాకప్ లేకుండా యంత్రం మొదలుపెట్టలేమన్నారు. ముగ్గురు ఎదురుచూస్తున్నారు. అందులో ఒక పెద్దావిడకు క్రితం వంతు కూడా తప్పిపోయి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది. ఆ రోజు ఏ ట్రాలీ ఆటో రాదు.

"బంద్ మనం పెట్టుకున్నం. ఆమె కిడ్నీలు పెట్టుకోలే" అని మేడం కారు తాళాలు తీసుకున్నారు.

కావలసినవి ఎనిమిది బ్యాటరీలు, ఒకటి అదనం. ఒక్కొక్కటి ముప్పై రెండు కిలోలు. ట్రైలరుతో కలిపి నాలుగు వందల ఎనిమిది కిలోల్లో నలభై కొక్కెం మీద పడేలా, బరువును ఇరుసుకు కాస్త ముందుకు జరిపి కట్టాను.

కొండాపూర్ దాటాక రోడ్డుకు అడ్డంగా రాళ్ళు, వాటి వెనక పదిహేను మంది కుర్రాళ్ళు.

"అక్కా, బంద్ నాడు షికారా? ఎనక ఆ డబ్బా ఏంది?"

మేడం దిగి సంగతి చెప్పారు. వాళ్ళలో పెద్దవాడు గడ్డం గోక్కున్నాడు. "పోనిస్తం. కానీ రాళ్ళు తియ్యం. తీస్తే అందరికీ తియ్యాలె. మోసి అవతల పెడతం."

అన్నట్టే బ్యాటరీలనూ, కొక్కెం విప్పిన ట్రైలరునూ మోశారు. గో-కార్టును ట్రైలరు మీదకు ఎక్కించే చెక్కలను రాళ్ళ మీద పరిచి మేడం కారును దాటించారు. నేలకు కేవలం పన్నెండు సెంటీమీటర్ల ఎత్తులో ఉండే కారు అది. ముందు బంపరు పెళ్ళుమని చీలింది. ఆమె వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఇంతలో కుర్రాళ్ళు చేతికి అందిన చోట, అంటే ట్రైలరు వెనక అంచున, బ్యాటరీలు పేర్చేస్తున్నారు. నేను చేతులు ఊపాను. ఎవరికీ అర్థం కాలేదు. మేడం వైపు చూశాను. ఆమె కారు తలుపుకు ఆనుకుని గడియారం చూసుకున్నారు.

"లోడు నువ్వు కట్టినవ్. నువ్వే చెప్పు."

చెప్పాను. "అట్ల గాదబ్బా! ముందరికి పెట్టల్ల. యెనక పెట్టినారంటే బండి తోక ఊపుతాది."

పెద్దవాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "యాడిదన్నా నీది?"

"ప్రొద్దుటూరు."

"మరి ఇందాకట్నుంచి మూగోనివనుకున్నం గద. జర ముందే చెప్తే ఇంకోసారి మోసే పని తప్పేది." మిగిలినవాళ్ళ వైపు తిరిగాడు. "ఒరేయ్, అన్న యేడ చెప్తే ఆడ పెట్టుండ్రి."

నేను వరసగా చెబుతూ పోయాను, వాళ్ళు ఎత్తుతూ పోయారు. కారు కదిలాక మేడం ఆ సంగతి ఎత్తలేదు. అద్దంలో ట్రైలరును చూస్తూ "ఊగుతలేదు" అన్నారు, అంతే. నేను ఎరిగినంతలో ఆమె మెచ్చుకోలు అంతకు మించి ఎప్పుడూ లేదు.

ఇప్పుడు కొత్త ఇంజనీర్లకు నేను పని నేర్పుతాను. పాఠం నా యాసలోనే సాగుతుంది. అర్థం కానివాళ్ళు మళ్ళీ అడుగుతారు, నేను మళ్ళీ చెబుతాను.

ఆ రోజు లెక్క ఇది. పదకొండు కిలోమీటర్లకు రెండు గంటల పది నిమిషాలు. బంపరు ఒకటి పోయింది. రాళ్ళ మీద జారిన బ్యాటరీ ఒకటి పగిలింది. నా ఎడమచేతి చూపుడువేలి గోరు ఊడింది. ముగ్గురు రోగులూ సాయంత్రానికి ఇళ్ళకు వెళ్ళారు.