లారీని కూడా తూచేసిన ప్రోగ్రాం

ఈ రోజు ఆటోనగర్‌లో లారీలు తూచే కాటా దగ్గర, స్క్రీన్ మీద బరువు చూసి ఇనుము లోడుతో వచ్చిన ఓ డ్రైవర్ నోరెళ్లబెట్టాడు. "ఓ బావా, నా లారీని కూడా ఇనుములో కలిపీసినావేటి?"

ఆ కాటా ప్రోగ్రాంలో, మొత్తం తూకంలోంచి ఖాళీ లారీ బరువు తీసేసే ‘బరువు’ అనే ఫంక్షన్ రాసింది నేనే! నాతోపాటు ఆ ప్రోగ్రాం రాసే మా ఆఫీసు అప్పలరాజుని నిలదీశాను.

"నాను నీది ముట్టుకోనేదు బావా! మొత్తం తూకానికని నీదాని కింద ఇంకోటి రాసినాను. దానికీ ‘బరువు’ అనే పేరెట్టినాను."

ఒకే పేరు రెండుసార్లు పెడితే, సి లాంగ్వేజ్ అయితే అక్కడే ఎర్రర్ ఇచ్చి గోల చేసేది. మేం వాడే ఈ పైథాన్ లాంగ్వేజ్ మాత్రం కిక్కురుమనకుండా నాది తీసి పారేసి, తర్వాత వచ్చినదాన్నే ఉంచుకుంది!

అన్నట్టు, నా పేరు కూడా అప్పలరాజే. ఆఫీసులో నా తర్వాత చేరింది వాడు. నేనింకా ఉన్నానో లేదో ఎవరైనా కామెంట్‌లో చెప్పండి.