ఒగ్గీసిన చేపల బోర్డు

చేపలు పట్టేవాళ్లు అబద్ధాలాడతారని లోకమంతటికీ తెలుసు. తెలియనిది మా దేముడు బాబాయి ఒక్కడికే.

ఆయన ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ముప్పై ఏడేళ్లు వ్యాగన్లు పరీక్ష చేశాడు. సుత్తితో చక్రాన్ని ఒక్క దెబ్బ కొట్టి, చెవి పెట్టి విని, సుద్దముక్కతో వ్యాగన్ మీద గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తు ఉంటేనే బండి కదలాలి. పగులున్న చక్రం ఒకలా మోగుతుంది, బాగున్నది ఒకలా మోగుతుంది. అన్నేళ్లలో ఏ చక్రమూ ఆయనతో అబద్ధమాడలేదు. మనుషుల మోత పోల్చుకోవడం ఆయనకు రాకపోవడానికి అదే కారణమేమో.

ఇందా అనే పేటకి వెళ్లే దారిలో పాత పంపుహౌస్ వెనక ఒక చెరువుండేది. ఆయన రిటైరయ్యేనాటికి దాన్నిండా గుర్రపుడెక్క. టెక్కలి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో చేరిన వాళ్ల నాన్న, సెలవురోజున గాలం వేసిన చెరువు అది. రిటైరైన మర్నాటి నుంచి బాబాయి లుంగీ ఎగగట్టి నీళ్లలోకి దిగాడు. రెండేళ్లు పట్టింది ఆ డెక్క పీకడానికి. జలగలు పట్టిన పిక్కలతో ఇంటికొస్తే, సింహాచలమ్మ పిన్ని గుమ్మంలోనే ఆపి ఉప్పు చల్లేది.

నీళ్లు కనబడ్డాక చేపపిల్లల్ని పోయించాడు. రోహు, కట్ల నిలవనీళ్లలో గుడ్లు పెట్టవు. ఏటా వానాకాలంలో పిల్లల్ని బయటినుంచి తెచ్చి పొయ్యాల్సిందే. బాంకుడా వైపు నుంచి వచ్చే పొద్దుటి పాసింజర్లో నిమాయ్ అనే ఆయన వాటిని అల్యూమినియం హండాల్లో తెచ్చేవాడు. దారి పొడుగునా హండాలో నీళ్లను అరచేత్తో తపతప కొడుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందా, నీళ్లలో గాలి చాలక పిల్లలు తేలిపోతాయి.

అప్పుడు మేమంతా వచ్చాం. ఆదివారం గాలాలవాళ్లం, ఓ పదిహేనుమందిమి. బాబాయి మమ్మల్ని తరమలేదు. నియమాలు పెట్టాడు. మనిషికి ఒకటే గాలం. రోజుకి రెండే చేపలు ఇంటికి. అడుగు లోపుది పడితే ఒగ్గీయాలి. మా వైపు మాటలో ఒగ్గీయడమంటే వదిలేయడం. కొలవడానికి అంగుళాలు గీసిన ఒక చెక్క పెట్టాడు. పంపుహౌస్ గోడకి, రోడ్డు వైపు, నల్లబోర్డు ఒకటి బిగించాడు. ఎడమ పక్క మా పేర్లు. ఎదురుగా రెండు గళ్లు: ఇంటికి తీసుకెళ్లినవి, ఒగ్గీసినవి. రెండూ లేకపోతే "నిల్లు" అని రాసేవాడు.

రైల్వేలో ఏమీ జరగకపోయినా జరగలేదని రాయాలి. గడి ఖాళీగా వదలడం నేరం. ఆ అలవాటే చెరువుగట్టుకి తెచ్చాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ బోర్డు ముందునుంచే మా ఇళ్లలో ఆడవాళ్లు ఇందా బజారుకి వెళ్తారు. గూడ్సు గార్డుగా చేసే జగ్గారావుకి వరసగా మూడు ఆదివారాలు నిల్లు పడింది. నాలుగో వారం వాళ్లావిడ అందరి ముందూ, మూడు వారాలుగా చేప లేదంటే గాలం తీసుకుని నువ్వు వెళ్తున్నది ఏ చెరువుకి అని అడిగింది. ఆ రోజు సాయంత్రం జగ్గారావు బాబాయి దగ్గరికొచ్చి, నాలుగు పడ్డాయని, అన్నీ చిన్నవని, ఒగ్గీశానని చెప్పాడు. బాబాయి ముఖం విప్పారింది. నాలుగు అని రాశాడు.

చేపని చూపించనక్కర లేదు. కొలవక్కర లేదు. మెచ్చుకోలు కూడా వస్తుంది. మాకు దారి దొరికింది.

చర్చిలో పెద్ద అయిన తిమోతి అబద్ధమాడలేడు. ఆరాధన అయ్యాక వచ్చి గంట కూచునేవాడు. ఎన్ని ఒగ్గీసినావు అని బాబాయి అడిగితే, "అది దేవునికే తెలియాల అన్నా" అనేవాడు. ఇంత అణకువగల మనిషి తక్కువ చెప్తాడని, బాబాయి తనే అయిదు వేసేసేవాడు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. తరవాతది అంత బాగుండదు. కొందరికి నిజంగానే చిన్నవి పడేవి. జగ్గారావు టిఫిన్ క్యారియర్‌లో మూడు గిన్నెలుండేవి. వచ్చేటప్పుడు ఒకదాంట్లో రొట్టెలు, వెళ్లేటప్పుడు మూడింట్లోనూ జానెడు రోహులు. అవి బోర్డు మీద ఒగ్గీసిన గడిలో ఉండేవి. పెద్దవాటికి రోజుకి రెండని లెక్క ఉంది, చిన్నవాటికి లేదు. కాబట్టి చెరువులోంచి ముందుగా చిన్నవే పోయాయి.

నేను జగ్గారావుని అంటున్నాను గానీ, నా సంగతీ చెప్పాలి. నేను బడిపంతుల్ని, నా చేతిలో క్యారియరుంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. గొడుగుండేది. ఒక ఆదివారం మూడు పిల్లలు పడ్డాయి. మడిచిన గొడుగులోకి జార్చి, బాబాయి దగ్గరికి వెళ్లి, మూడు, ఒగ్గీసినాను అని చెప్పాను. ఆయన రాస్తుండగానే వాన మొదలైంది. చిన్న వాన కాదు.

"గొడుగిప్పండి మేస్టారూ, తడిసిపోతన్నారు," అన్నాడు.

కమ్మి విరిగిందన్నాను. ఏదీ ఇలా తెండి, వైరు చుట్టి ఇస్తానని చెయ్యి చాపాడు. ముప్పై ఏడేళ్లు ఇనుముతో బతికిన చెయ్యి అది. ఫరవాలేదు బాబాయ్, వానలో నడవడం నాకిష్టం అంటూ, గొడుగుని పసిపిల్లలా గుండెకి హత్తుకుని పరిగెత్తాను. వెనకనుంచి ఆయన తన గొడుగు పట్టుకుని నా కోసం వస్తున్నాడు. ఆ సందు చివరిదాకా వచ్చాడు. ఇంట్లో మా ఆవిడ వాటిని ఆవనూనెలో వేయించింది. నాకు జలుబు చేసి రుచి తెలియలేదు.

బాబాయి ఇంట్లో మాత్రం ఆ చెరువు చేప ఏనాడూ ఉడకలేదు. బోర్డు రాసేవాడు గాలం ముట్టకూడదని ఆయన నియమం. "సెరువు కాసీవోడింటికి సేప బజారు నుంచి రావాల," అనేది పిన్ని మాతో. "ఆదివారం ఈయన తెచ్చీది సుద్దపొడి. దాన్నే పులుసెట్టమంతాడేమో."

పోయిన ఏడాది మే నెలలో ఆ స్థలం తాలూకు ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. చెరువు వాడుకలో లేదు కాబట్టి పూడ్చి లారీలు నిలిపే జాగా చేస్తారట. బాబాయి తెల్లచొక్కా వేసుకుని ఆఫీసు చుట్టూ నెలరోజులు తిరిగాడు. చివరికి ఒక ఆఫీసరు మెత్తబడి, నవంబరులో వల వేయిస్తామని, ఎదిగే చేపలు కనిపిస్తే చెరువుని చెరువుగానే ఉంచుతామని ఒప్పుకున్నాడు. బాబాయికి ఆ వల ఒక్కటే ఆశ. వల్లో చేప పడితే చెరువుంటుంది, లేకపోతే ఉండదు.

జులైలో నిమాయ్ హండాలతో దిగాడు. బాబాయి మమ్మల్నందరినీ పంపుహౌస్ అరుగు దగ్గరికి పిలిచాడు. బోర్డు మీద వారం వారం రాసినవి ఒక కాయితం మీదికి ఎత్తుకుని ఉంచాడు. కళ్లద్దాలు పెట్టుకుని కూడిక చదివాడు.

"సిన్నయి రెండొందల పన్నెండు ఒగ్గీసినారు మీరు, పాగున మాసం నుంచి ఇప్పటికి. అవన్నీ నీల్లల్లోనే ఉన్నాయి కదా. ఇంక మీద పిల్లల్ని పోసినామంటే ఇరుకైపోద్ది. తిండి సాలక అన్నీ గిడసబారిపోతాయి. ఈ ఏడు వొద్దంతాను. ఏటంతారు?"

ఆయన లెక్కలో తప్పు లేదు. చేపల గురించి తెలిసినవాళ్లెవరైనా అదే అంటారు. అప్పుడు పోస్తే నవంబరుకి జానెడై వల్లో కనబడే పిల్లలు, ఆ హండాల్లో, మాకు రెండడుగుల దూరంలో ఉన్నాయి. నిమాయ్ చెయ్యి ఆగకుండా తపతప కొడుతూనే ఉంది.

"అనుమానముంటే ఇప్పుడే సెప్పండి. నానేటీ అనుకోను," అన్నాడు బాబాయి.

తిమోతి తన బూట్ల వైపు చూసుకున్నాడు. జగ్గారావు క్యారియర్‌ని కాలితో అరుగు కిందికి నెట్టాడు. ఎవరో ఒకరు నోరు విప్పాలి. నేను విప్పాను.

"బోర్డు సెప్తంది కదా బాబాయ్."

ఆయన తల ఊపాడు. నిమాయ్‌తో హిందీలో, వచ్చే ఏడాది చూద్దాం భాయీ అన్నాడు. నిమాయ్ హండాలు కావడికెత్తుకుని, ఒక చేత్తో నీళ్లు కొడుతూనే వెళ్లిపోయాడు.

నవంబరులో ఒక బుధవారం వల వేశారు. దగ్గరి ఊరినుంచి ఆరుగురు జాలర్లు వచ్చారు. ఆఫీసు బాబు కుర్చీలో కూచున్నాడు. బాబాయి బోర్డుని కడిగి, మొత్తం లెక్క పెద్ద అక్షరాలతో రాసి ఉంచాడు. పిన్ని టీ పంపించింది. వల ఈ గట్టునుంచి ఆ గట్టుకి వచ్చింది. పాలిథిన్ సంచులు, నత్తగుల్లలు, ఒక చెప్పు, సైకిల్ టైరు. వాటి మధ్య ఒకే ఒక ముసలి కట్ల, మూడడుగులది, మొదటి ఏడాది పోసినదై ఉంటుంది. బాబాయి అలవాటుకొద్దీ దాన్ని చెక్కమీద పెట్టి కొలిచి, నీళ్లలోకి ఒగ్గీశాడు.

"దాదా, మాఛ్ కోథాయ్?" అన్నాడు ఆఫీసు బాబు. చేపలేవీ అని. వెటకారంగా కాదు, మెల్లగానే అడిగాడు.

బాబాయి కొలతచెక్కని కింద పెట్టాడు. మా వైపు తిరిగాడు. పదిహేనుమందిమీ వరసగా నిలబడ్డాం. ఎవరి మీదా చూపు ఆపలేదు, నా దగ్గరికొచ్చేదాకా.

"మేస్టారూ, మీయి మూడూ ఏయి?"

అప్పుడైనా చెప్పొచ్చు. ఆఫీసు బాబు అక్కడే ఉన్నాడు. తప్పు మాది, ఈయనది కాదు, ఒక్క ఏడాది గడువివ్వండి అని బతిమాలొచ్చు. నా నోట్లోంచి వచ్చింది వేరు.

"బురదలో దాక్కుని ఉంటాయి బాబాయ్. సలికాలం కదా."

"అవును. సలి," అన్నాడాయన.

నా మాట నమ్మి జాలర్లని రెండోసారి లాగమన్నాడు. వాళ్లు లాగారు, నత్తలే వచ్చాయి. మూడోసారి లాగమంటే నవ్వి వల మడవడం మొదలుపెట్టారు. అప్పుడు బాబాయి చెప్పులు విడిచి, ఆ తెల్లచొక్కాతోనే నీళ్లలోకి దిగాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, నడుము లోతు నవంబరు నీళ్లలో వంగి, రెండు చేతులతో అడుగు బురద కెలుకుతూ ఆ మూల నుంచి ఈ మూలకి నడిచాడు. గుప్పెడు బురద తీసి వేళ్ల మధ్య వెతికి పారేసేవాడు, మళ్లీ వంగేవాడు. తిమోతి దిగి భుజం పట్టుకుంటే విదిలించుకున్నాడు. పిన్ని వచ్చి గట్టుమీద నిలబడి, తువ్వాలు చాపాక గాని పైకి రాలేదు.

జనవరిలో లారీలు మట్టి తెచ్చాయి. నీళ్లు ఒక మూలకి కుంచించుకుపోయిన రోజున ముసలి కట్ల పైకి తేలిందట. జగ్గారావు దాన్ని రెండు చేతులా ఎత్తి ఫోటో దిగి అందరి ఫోన్లకీ పంపాడు. ఆ చేపని ఏ గడిలోనూ ఎవరూ రాయలేదు. బోర్డు అప్పటికే పిన్ని ఇంట్లో బియ్యం డ్రమ్ము మీద మూతైంది.

మేమెవరమూ బాబాయి ఇంటి వైపు వెళ్లడం లేదు. వెళ్లి ఏమనాలి? ఆదివారాలు ప్రేమ్ బజార్ అవతల ఎవరిదో చెరువుందని కొందరు గాలాలు కట్టుకెళ్తున్నారు. అక్కడ బోర్డు లేదు.

ఈ జులైలో పనుండి పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లాను. ప్లాట్‌ఫాం చివర, పైన రేకులు లేని చోట, రెండు హండాల మధ్య ఎవరో గొంతుక్కూచుని నీళ్లు కొడుతున్నారు. నిమాయ్ అనుకున్నాను. నిమాయ్ కాస్త దూరంలో టీ తాగుతున్నాడు. కూచున్నది బాబాయి.

చూడనట్టు వెళ్లిపోదామని తిరిగాను. కానీ ఆయన చూసేశాడు. దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఈ పిల్లలు ఎక్కడికెళ్తాయని అడిగాను. మేదినీపూర్ అవతల ఏదో ఊరికట. రోజూ వస్తున్నారా అంటే, నిమాయ్ టీ తాగీవరకే అన్నాడు. ఎన్నుంటాయి బాబాయ్ ఇందులో అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

"లెక్కెట్టనేదు," అన్నాడు. నీళ్లమీంచి చెయ్యి తియ్యలేదు.

ఇక చెప్పేద్దామనుకున్నాను. గొంతు సవరించుకుని, ఆ రోజు ఆ మూడూ అనబోతుండగా వాన మొదలైంది. నా చంకలో మడిచిన గొడుగు. ఆయన తల మీద ఏమీ లేదు. చినుకులు హండాలోకి పడుతుంటే, పిల్లలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

బాబాయి నా గొడుగు వైపు ఒకసారి చూశాడు.

"గొడుగిప్పండి మేస్టారూ, తడిసిపోతన్నారు. ఇప్పుడందులో ఏటీ నేవు కదా."